ఇంటి గోడపై లేజరు చిత్రములు: పాయింటరును ఎన్నుకొనుట ఎట్లు?

సూరత్ నగరమున లింబాయత్, ఉధ్నా మొదలగు ప్రాంతములలో తెలుగు కుటుంబములు పెక్కు నివసించుచున్నవి. తెలంగాణ జిల్లాలనుండి మరమగ్గముల పనికై వచ్చి స్థిరపడినవారే వీరిలో ఎక్కువమంది. వినాయక చవితికి మంటపము, బతుకమ్మకు పూలు, దీపావళికి ప్రమిదలు ఎట్లును ఉండును. వానికి తోడు గోడపై వెలుతురుతో ముగ్గులు వేయవలెనన్న ఉబలాటము నేటి యువకులలో కనబడుచున్నది. ఇందుకు వారు కొనునది లేజరు పాయింటరు. ఇది కలమంత పరికరము, వెలయు స్వల్పము. అందుచేతనే దానిని కొనునపుడు ఎవరును అంతగా ఆలోచింపరు.

ఈ చిత్రకళ నిజముగా మనోహరమైనది. ఆటబొమ్మలోని చిన్న మోటారు ఇరుసుకు అద్దపు ముక్కను కొంచెము ఏటవాలుగా అతికించి, తిరుగుచున్న ఆ అద్దముపై కిరణమును పడనిచ్చినచో గోడపై వలయము ఏర్పడును. ఆ కిరణమునే మరియొక మోటారుపైనున్న అద్దమునకు తగిలించినచో వలయము పూవుగా మారును. మోటారుల వేగము మార్చిన కొలది రేకుల సంఖ్య మారుచుండును. రెండు ప్రక్కల తెరచిన డబ్బాకు ఒకవైపు బుడగ రబ్బరు బిగించి, దానిపై అద్దపు ముక్క అతికించి, రెండవవైపునుండి పాట పాడినచో ఆ పాటయే గోడపై గీతలై నర్తించును. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు లిస్సజూ 1857లో వివరించినది ఇట్టి వక్రరేఖలనే. ఆయన శ్రుతిదండములకు అద్దములు తగిలించి మామూలు దీపపు వెలుతురుతోనే వానిని చూపెను. లేజరు పుట్టినది అటుపిమ్మట నూరు సంవత్సరములకు పైగా గడచిన తరువాత, 1960 మే 16వ తేదీన.

సూరత్ వాసులకు లేజరు క్రొత్తది కాదు. మహారాష్ట్రలోని బారామతిలో జన్మించిన సి. కుమార్ పటేల్ 1964లో అమెరికాలోని బెల్ పరిశోధనాలయమున కార్బన్ డయాక్సైడు లేజరును కనిపెట్టిరి. ఆ జాతి లేజరులే నేడు ఈ నగరమున చీరల అంచులను, బట్టలను కత్తిరించుచున్నవి. వరాఛా, కతార్‌గాం ప్రాంతముల కర్మాగారములలో లేజరులు వజ్రములను కోయుచున్నవి. అచ్చట కోత మూసిన పెట్టెలో జరుగును. పనివాడు దానిని తెరపై చూచుచుండును. కిరణము బయటికి రాకుండుటయే అచ్చటి రక్షణ. ఇంటి గోడపై వేయు ముగ్గునకు అట్టి పెట్టె లేదు. కనుక ఇచ్చట రక్షణ అంతయు మనము ఎన్నుకొనిన పాయింటరు బలహీనతపైననే ఆధారపడియున్నది.

సాధారణ దీపపు వెలుతురు నలుదెసల చెదరిపోవును. లేజరు కిరణము చెదరదు. అది కంటిలో ప్రవేశించినపుడు కంటి కటకము దానిని రెటీనాపై సూదిమొనకంటె చిన్న చుక్కగా కూర్చును. సూర్యగ్రహణమును వట్టి కంటితో చూడరాదని మనవారందరు ఎరుగుదురు. సూర్యబింబమైనను రెటీనాపై కొంత వెడల్పుగనే పడును. లేజరు చుక్క అంతకంటె ఎంతయో చిన్నది. రెటీనాకు నొప్పి తెలియదు. చేయి కాలినచో వెంటనే వెనుకకు తీయుదుము. కన్ను లోపల కాలినపుడు అట్టి హెచ్చరిక ఏదియు రాదు.

స్విట్జర్లండు వైద్యులు 2010లో ప్రకటించిన ఒక ఉదంతము ఇట్టిదే. పదునైదేండ్ల బాలుడొకడు సుమారు 150 మిల్లీవాట్ల శక్తిగల ఆకుపచ్చ పాయింటరును తెప్పించుకొని, అద్దము ముందు నిలిచి వెలుతురు ప్రదర్శన చేసెను. అద్దమునుండి మరలిన కిరణము పలుమారులు అతని కన్నులకు తగిలెను. ఎడమకంటితో మూడడుగుల దూరమున వ్రేళ్ళు లెక్కింపగలుగుటయే గగనమయ్యెను. చికిత్స వలన చూపు కొంత మెరుగుపడెను గాని ఎడమకంట మచ్చ నిలిచిపోయెను. అతడు కిరణమును ఎవరి కంటికిని గురిపెట్టలేదు. అద్దముతో చిత్రములు చేసినాడు, అంతియే.

ఇక ఎన్నిక విషయము. పాయింటరుపై పసుపుపచ్చని చీటీ యుండవలెను. దానిపై తరగతి, మిల్లీవాట్లలో గరిష్ఠశక్తి, నానోమీటర్లలో తరంగదైర్ఘ్యము, 60825 అను అంతర్జాతీయ ప్రమాణ సంఖ్య కనబడవలెను. ఇంటి అలంకారమునకు 2వ తరగతియే తగినది. దీని శక్తి ఒక మిల్లీవాటును మించదు. పొరపాటున కంట పడినను, పావు సెకను లోపల రెప్ప తనంతట తాను వాలి కంటిని కాచును. 3ఆర్ తరగతి ఐదు మిల్లీవాట్ల వరకు, 3బి తరగతి ఐదువందల వరకు పోవును. ఆపైనున్నది 4వ తరగతి. 3బి, 4 తరగతులలో రెప్పపాటు కంటిని కాపాడజాలదు. కాగితమును కాల్చును, బుడగను పేల్చును అని దుకాణదారుడు పొగడిన సరకును అచ్చటనే విడిచి రావలెను. చీటీయే లేని సరకును గూర్చి చెప్పనక్కరలేదు.

రంగు విషయమున చాలమంది మోసపోవుదురు. ఒకే శక్తిగల రెండు కిరణములలో 532 నానోమీటర్ల ఆకుపచ్చ, 650 నానోమీటర్ల ఎరుపుకంటె సుమారు ఎనిమిది రెట్లు కాంతివంతముగా కనబడును. అందుచే అందరు ఆకుపచ్చనే కోరుదురు. అయితే ఆ ఆకుపచ్చ కిరణము కంటికి కనబడని పరారుణ కిరణమునుండి పుట్టుచున్నది. చౌక పాయింటరులలో దానిని ఆపు వడపోత బిళ్ళ లేకపోవుటయు కలదు. అపుడు ముగ్గు మాత్రమే మనకు కనబడును. దానితో కూడ వచ్చు పరారుణము కనబడదు. అమెరికా జాతీయ ప్రమాణముల సంస్థ 122 పాయింటరులను పరీక్షించి 2013లో ఫలితములను ప్రకటించినది. ఆకుపచ్చవానిలో నూటికి సుమారు తొంబదియు, ఎరుపువానిలో నలుబదినాలుగును అచ్చటి నిబంధనలకు లోబడియుండలేదు. ఊదారంగు 405 నానోమీటర్ల కిరణము మరింత మాయావి. మన కన్ను ఆ రంగును సరిగా గుర్తింపజాలదు గనుక అది మసకగా తోచును. దాని శక్తి మాత్రము తగ్గియుండదు.

కనుక మా సలహా 635 నానోమీటర్ల ఎరుపు. ఇది 650 ఎరుపుకంటె రెండింతలు కాంతివంతముగా కనబడును. ఇందులో పరారుణపు చిక్కు లేదు. గది దీపములార్పి చూచినచో ఒక మిల్లీవాటు ముగ్గు సున్నపుగోడపై చక్కగా వెలుగును. వెలుతురు చాలదని తోచినచో గదిని మరికొంత చీకటి చేయవలెనే గాని, పాయింటరు శక్తిని పెంచరాదు.

సూరత్ ఇండ్లలో మరియొక చిక్కు కలదు. గుమ్మమునకు అద్దాల కుట్టుపని చేసిన తోరణము, గోడకు గాజు పటములు, అలమారలో తళతళలాడు స్టీలు సామాను, మంచముపై చమ్కీల బట్ట: వీనిలో ప్రతిదియు కిరణమును తిరుగగొట్టును. ముగ్గు పడు గోడను మొదట ఖాళీ చేసి, ఎదుటి గోడనున్నవానిపై దుప్పటి కప్పవలెను. పాయింటరును, అద్దములను బల్లకు గట్టిగా బిగింపవలెను. కిరణపు దారి నిలిచినవారి కంటికిగాని, కూర్చున్నవారి కంటికిగాని ఎదురు రాకుండ చూడవలెను. నేలపై ఆడుకొను పసివారి కన్నులు ఎంత ఎత్తున నుండునో మరువరాదు. మోటారు తిరుగుచున్నంతవరకు కిరణము ఒకచోట నిలువదు. మోటారు ఆగినంతనే అది ఒకేచోట సూటిగా నిలిచిపోవును. కాబట్టి మీటకు రబ్బరు చుట్టి వదలి వెళ్ళుట తగదు. ఈ పాయింటరులు కొలది నిమిషములు నొక్కి విడుచుటకే చేయబడినవి. ఎడతెగక వెలిగించినచో వేడెక్కి చెడును. చలువ కండ్లద్దములు లేజరునకు అడ్డు కావు.

మేడపైకి తీసికొనిపోయి ఆకాశమునకు చూపుట ఇంకొక అపాయము. డ్యూమస్ మార్గమున విమానాశ్రయమున్న నగరమిది. దిగుచున్న విమానపు కిటికీపై కిరణము పడినచో అద్దమంతయు వెలిగి విమానచోదకునికి దారి కనబడకపోవును. ఉత్తరాయణపు రాత్రులలో పిల్లలు మేడలపైనుందురు గనుక తల్లిదండ్రులు ముందుగనే చెప్పియుంచవలెను.

కిరణము కంట పడిన తరువాత చూపు నడుమ మచ్చ తోచినను, చదువునపుడు అక్షరములు మాయమైనను కంటిని నలుపరాదు, తోచిన మందు వేయరాదు. ఒక్కొక్క కంటిని మూసి గళ్ళ కాగితమును చూడుడు. గీతలు వంకరగా కనబడినచో ఆనాడే నేత్రవైద్యుని వద్దకు పోవలెను. పాయింటరును కూడ వెంట తీసికొనిపోయినచో దాని శక్తి, రంగు తెలిసికొనుటకు వైద్యునికి వీలగును.

ఇంటిలో ఇదివరకే శక్తిమంతమైన పాయింటరు ఉన్నచో దానిని ప్రక్కింటి పిల్లవానికి ఇచ్చివేయకుడు. బ్యాటరీలు తీసివేసి, పాత ఎలక్ట్రానిక్ సామానులు సేకరించువారికి అప్పగింపుడు.