మీకు తెలుసా? మేజర్ అయ్యే వయసు ఊరికో తీరు!

1952లో నల్లగొండ నుంచి రావి నారాయణరెడ్డి నెహ్రూను మించిన ఓట్లతో లోక్‌సభకు గెలిచారు. ఆ ఎన్నికల్లో ఇరవై ఏళ్ల కుర్రాడెవరికీ ఓటు లేదు, 21 నిండాలి మరి. అది 18కి దిగింది 1989లో, 61వ రాజ్యాంగ సవరణతో.

విచిత్రమేంటంటే, 1875 నాటి చట్టం ప్రకారమే 18 నిండితే మేజర్. సంతకం చెల్లేది, ఓటే లేదు!

తండ్రి పోయిన ఇంట్లో పదిహేనేళ్ల పిల్లాడి పేరున పొలం ఉండొచ్చు. కానీ దాన్ని అమ్మాలంటే తల్లి సంతకం ఒక్కటే చాలదు, కోర్టు అనుమతి కావాలి. 18 నిండితే అతనే అమ్ముకోవచ్చు. పెళ్లికి మాత్రం ఇంకో మూడేళ్లు ఆగాలి. అబ్బాయిలకు 21 కదా. మందు సీసా కొనాలన్నా తెలంగాణలో అంతే.

బయటి దేశాల లెక్కలు వేరు. స్కాట్లాండ్‌లో 16కే సొంతంగా ఒప్పందం రాసుకోవచ్చు. దక్షిణ కొరియాలో 19 నిండితేనే మేజర్. జపాన్ 2022 ఏప్రిల్ 1న 20 నుంచి 18కి దించింది. సింగపూర్‌లో ఓటుకు ఇప్పటికీ 21 నిండాల్సిందే.

మీ ఇంట్లో ఎవరికైనా 18 నిండితే, బ్యాంకు ఖాతాలో ‘మైనర్’ అన్న మాట తీయించారో లేదో ఓసారి చూసుకోండి.