ర్యాంప్ ఉందా అని కాదు, ఎంత పొడవుందని అడగండి

పోయినేడాది ఒక ఫుడ్ ఫెస్టివల్‌కి వెళ్లే ముందు ఫోన్ చేసి అడిగా, "వీల్‌చైర్‌కి ర్యాంప్ ఉందా?" అని. "ఉంది సార్" అన్నారు. తీరా వెళితే మూడు మెట్ల మీద ఒక చెక్క పలక వేసి ఉంది! ఇద్దరు పట్టుకుని పైకి లాగారు. దిగేటప్పుడైతే ప్రాణాలు అరచేతిలో పెట్టుకున్నా.

లెక్క సింపులే. మన దేశ ప్రమాణాల ప్రకారం ర్యాంప్ వాలు 1:12 కంటే ఎక్కువ ఉండకూడదు. అంటే అడుగు ఎత్తుకి 12 అడుగుల పొడవు. ఆ మూడు మెట్లు అడుగున్నర అనుకుందాం, కనీసం 18 అడుగులు కావాలి. ఆ పలక ఆరడుగులు కూడా లేదు. మూడడుగుల స్టేజ్ ఎక్కాలంటే కనీసం 36 అడుగులు, మధ్యలో ఆగడానికి చదునైన చోటు కూడా. ముందురోజు రాత్రి అంత జాగా ఎక్కడ దొరుకుతుంది? స్టాల్స్‌కి గ్రౌండ్‌లో ముగ్గు వేసేటప్పుడే వదలాలి.

అన్నిచోట్లా ర్యాంప్ కుదరదు, నాకూ తెలుసు. గోల్కొండ కోట పైదాకా వందల మెట్లు. అక్కడ వీల్‌చైర్ ఎంతవరకు వెళ్తుందో, టాయిలెట్ ఎక్కడుందో ఫోటోలతో ముందే చెప్పండి చాలు. వెళ్లాలా వద్దా అన్నది నేను ఇంట్లోనే తేల్చుకుంటా.

మీ కాలేజీ ఫెస్ట్ పోస్టర్ రెడీ అవుతోందా? ఎంట్రన్స్ ఫోటో ఒకటి పెట్టండి, టేపుతో కొలిచి.