ఒక్కరి నిర్లక్ష్యమేనా?

భిలాయిలోని పవర్ హౌస్ ప్రాంతంలో ఉక్కు కర్మాగారాన్ని నమ్ముకొని స్థిరపడిన తెలుగు కుటుంబాలు అనేకం. ప్రమాదమంటే ఏమిటో వారికి ఒకరు చెప్పనక్కరలేదు. 2018 అక్టోబరు 9న ఆ కర్మాగారంలో గ్యాస్ గొట్టం మరమ్మతు జరుగుతూ ఉండగా మంటలు చెలరేగి పదిమందికి పైగా మరణించారు. ఇద్దరు అధికారులను సస్పెండు చేయడంతో సరిపెట్టక, కర్మాగారం ముఖ్య అధికారినే పదవి నుంచి తప్పించారు. ఆయన స్వయంగా గొట్టం దగ్గర నిలుచున్నవాడు కాడు. అయినా బాధ్యత ఆయన దాకా వెళ్ళింది.

కంప్యూటర్లలో భద్రపరచిన సమాచారం చోరీ అయినప్పుడు మాత్రం పెద్ద సంస్థలకు ఈ న్యాయం తోచదు. 2017లో అమెరికాలోని ఈక్విఫాక్స్ అనే సంస్థ నుంచి సుమారు 14 కోట్ల 70 లక్షల మంది సొంత వివరాలు దొంగల పాలయ్యాయి. ప్రజల అప్పుల చరిత్రను నమోదు చేసి ఉంచడమే ఆ సంస్థ వ్యాపారం. అక్టోబరులో చట్టసభ ఉపసంఘం ఎదుట మాజీ అధిపతి రిచర్డ్ స్మిత్ సంజాయిషీ ఇస్తూ, సాఫ్టువేరు లోపాన్ని సరిదిద్దవలసిందని సంబంధితులకు తెలియజేయవలసిన ఒక వ్యక్తి ఆ పని చేయలేదన్నారు. మంచిదే. ఆ ఒక్కరు మరచిపోతే గుర్తుచేయడానికి రెండో మనిషి లేడా? మార్చిలో హెచ్చరిక వచ్చింది. తర్వాత యంత్రాలతో జరిపిన తనిఖీలోనూ లోపం బయటపడలేదు. రాకపోకలను కనిపెట్టి ఉండవలసిన పరికరానికి భద్రతా సర్టిఫికెట్టు గడువు తీరి 19 నెలలైనా ఎవరూ గమనించలేదు. మే నుంచి జూలై చివరి వరకు దొంగలు యథేచ్ఛగా సంచరించారు. ఇన్ని తలుపులూ ఒక్క మనిషే తెరిచి ఉంచాడనడం విడ్డూరం!

మన హైదరాబాదులోనూ ఇటువంటిదే జరిగింది. 2022 జనవరిలో ఎ.పి. మహేశ్ సహకార అర్బన్ బ్యాంకు కంప్యూటర్లలో చొరబడిన దొంగలు 12 కోట్ల రూపాయలకు పైగా కాజేశారు. 2021 నవంబరులో సిబ్బందికి రెండు వందలకు పైగా మోసపు ఈమెయిళ్ళు వచ్చాయనీ, ఇద్దరు ఉద్యోగులు వాటిని తెరిచారనీ దర్యాప్తులో తేలింది. ఉత్తరాలు విప్పి చూడడమే ఉద్యోగమైన వారిని ఎందుకు విప్పావని నిలదీయడం సులభం. నగర పోలీసు కమిషనర్ సి.వి. ఆనంద్ అక్కడితో ఆగలేదు. దొంగ ఉత్తరాలను వడగట్టే ఏర్పాటు గాని, చొరబాటును పసిగట్టే ఏర్పాటు గాని బ్యాంకులో సక్రమంగా లేవని వెల్లడించారు. ఒక మూల కంప్యూటరులో ప్రవేశించినవాడు ఖజానా వరకు నడిచిపోగలిగాడు మరి!

2023లో రిజర్వు బ్యాంకు 65 లక్షల రూపాయల జరిమానా విధించింది. విధించినది ఆ ఇద్దరు ఉద్యోగుల మీద కాదు, బ్యాంకు మీద.