చున్నీ చాటు ముఖం

రైడ్ వార్తలన్నీ ఒకే తీరుగా ఉంటాయి. ‘పబ్బుపై పోలీసుల దాడి, అశ్లీల నృత్యాలు’ అంటూ కింద స్క్రోలింగ్ పరుగెడుతుంటుంది. పైన వరుసగా అమ్మాయిలు. చున్నీ ఉన్నవాళ్లు చున్నీ కప్పుకుంటారు, లేనివాళ్లు మోచెయ్యి అడ్డం పెట్టుకుంటారు, అదీ కుదరకపోతే ముందున్న అమ్మాయి వీపు చాటుకు జరుగుతారు. కెమెరా మాత్రం ఆ చున్నీ ఎప్పుడు జారుతుందా అని కాసుకుని ఉంటుంది. వెనకాలే వచ్చే మగవాళ్ల మీద అది రెండు సెకన్లు కూడా నిలవదు. యజమాని అసలు కనిపించడు. చాలాసార్లు ఆయన ‘పరారీలో’ ఉంటాడు.

మన దగ్గర స్ట్రిప్ క్లబ్బులు లేవు. ఉన్నవి బార్లు, పబ్బులు. బిల్లు పెరగాలంటే బల్ల దగ్గర కస్టమరు ఇంకో గంట కూర్చోవాలి. అందుకోసం కొన్ని చోట్ల అమ్మాయిల చేత డాన్సు చేయిస్తారు. 2024 అక్టోబరులో హైదరాబాద్ బంజారాహిల్స్‌లోని ఒక పబ్బులో పోలీసులు వందమందికి పైగా అదుపులోకి తీసుకున్నారు. అందులో నలభై మంది దాకా మహిళలు. వేరే రాష్ట్రాల నుంచి రప్పించారని పోలీసులే చెప్పారు. మోసం చేసి రప్పిస్తే వాళ్లు బాధితులు. ఇష్టపడి వస్తే పనిచేసుకుని బతికేవాళ్లు. రెండింటిలో ఏది నిజమైనా వాళ్ల ముఖాలను ఊరందరికీ చూపించే అధికారం ఎవరికీ లేదు.

చట్టం ఏమంటుందో చూడండి. భారతీయ న్యాయ సంహిత 296వ సెక్షన్ ప్రకారం బహిరంగంగా అశ్లీల చేష్టలకు గరిష్ఠ శిక్ష మూడు నెలల జైలు, వెయ్యి రూపాయల జరిమానా. అదీ ఆ చేష్ట ఇతరులకు ఇబ్బంది కలిగించిందని రుజువైతేనే. డబ్బు కట్టి లోపలికొచ్చి, చప్పట్లు కొట్టి, నోట్లు చూపిన కస్టమరు తనకు ఇబ్బంది కలిగిందని కోర్టుకొచ్చి చెబుతాడా? ఢిల్లీలో ఇలాంటి కేసులోనే 2025 ఫిబ్రవరిలో ఏడుగురు మహిళలు నిర్దోషులుగా బయటపడ్డారు. పొట్టి బట్టలు వేసుకోవడం, పాటకు డాన్సు చేయడం నేరం కాదని కోర్టు తేల్చింది. కానీ కేసు కొట్టేసినంత మాత్రాన వీడియో పోదు. అది ఊళ్లో తమ్ముడి ఫోనుకు చేరుతుంది, పెళ్లి చూపులకొచ్చినవాళ్ల ఫోనుకు చేరుతుంది, ఆమె పిల్లాడు చదివే స్కూలు వాట్సాప్ గ్రూపుకూ చేరుతుంది. వెయ్యి రూపాయల నేరానికి ఇంత శిక్ష ఏ చట్టంలోనూ రాసి లేదు.

సైబరాబాద్‌కు రాత్రిపూట ఆడవాళ్లు పనిచేయడం కొత్తేమీ కాదు. 1998లో సైబర్ టవర్స్ తెరుచుకున్నాక మాదాపూర్, గచ్చిబౌలి బతుకంతా నైట్ షిఫ్టు చుట్టూనే తిరిగింది. రాత్రి ఇంటికెళ్లే ఉద్యోగినికి కంపెనీ క్యాబ్ వచ్చింది. పోలీసులూ కంపెనీలూ కలిసి పెట్టుకున్న భద్రతా మండలి వచ్చింది, షీ షటిల్ బస్సులు వచ్చాయి, 2014లో షీ టీమ్స్ వచ్చాయి. ఎంతో మంచి పనులివి, మనస్ఫూర్తిగా మెచ్చుకోవాలి. అయితే అదే రోడ్డు మీద, అదే అర్ధరాత్రి బారు మూశాక మెట్లు దిగే అమ్మాయికి వీటిలో ఒక్కటీ అందదు. ఆమెకు నియామక పత్రం లేదు, పీఎఫ్ లేదు. టిప్పులో వాటా ఎంతో మేనేజరు నోటిమాట. పోలీసు వాహనం కనపడగానే ఐటీ అమ్మాయికి ధైర్యం వస్తుంది, ఈమెకు గుండె దడ మొదలవుతుంది.

అసలు మూసేస్తే ఏమవుతుందో ముంబయి మనకు చూపించింది. 2005 ఆగస్టులో మహారాష్ట్ర ప్రభుత్వం డాన్స్ బార్లను నిషేధించింది. అప్పటి హోం మంత్రి ఆర్.ఆర్.పాటిల్ చెప్పిన కారణాల్లో మహిళల గౌరవం ఒకటి. సుమారు 75 వేల మంది డాన్సర్లు ఒక్కసారిగా పని కోల్పోయారని అంచనా. మూడు నక్షత్రాలు, అంతకు పైబడిన హోటళ్లకు మాత్రం మినహాయింపు ఇచ్చారు! ఉన్నవాళ్ల హోటల్లో వినోదమైనది మామూలు బారులో అశ్లీలం ఎలా అవుతుందని బారు యజమానులూ డాన్సర్ల సంఘమూ కోర్టుకెక్కారు. 2006లో బొంబాయి హైకోర్టు నిషేధాన్ని కొట్టేసింది, 2013లో సుప్రీంకోర్టు ఆ తీర్పునే బలపరిచింది. పని పోయిన ఆడవాళ్లలో చాలామంది గతిలేక వ్యభిచారంలోకి వెళ్లాల్సి వచ్చిందని సుప్రీంకోర్టు తీర్పులోనే ఉంది. గౌరవం కాపాడతామన్న చట్టం వాళ్లను అక్కడికి తోసింది. ఆ తర్వాత ప్రభుత్వం కొత్త చట్టాలు తెచ్చింది, మళ్లీ కోర్టులు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు చాలా షరతులు తీసేసింది. టిప్పు ఇవ్వొచ్చు, నోట్లు చల్లకూడదు అంది. అప్పటికి పద్నాలుగేళ్లు కావస్తోంది. 2005లో పాతికేళ్ల డాన్సరుకు అప్పటికి నలభై దగ్గర పడ్డాయి. గెలిచిన కేసు ఆమెకు తిరిగి పని ఇవ్వలేదు.

అమెరికాలోనూ ఇదే కథ నడిచింది. 2018 జనవరిలో న్యూ ఆర్లీన్స్‌లోని బోర్బన్ స్ట్రీట్ స్ట్రిప్ క్లబ్బుల మీద దాడులు జరిగితే, డాన్సర్లు రోడ్డెక్కి ఊరేగింపు తీశారు. మన అమ్మాయిలకు ఆ ధైర్యం ఎక్కడిది? ముఖం బయటపడితే అద్దె ఇల్లు కూడా ఖాళీ చేయాల్సి వస్తుంది.

డాన్సు చేసినందుకు మనిషిని పట్టుకెళ్లే చట్టం హైదరాబాద్‌కు ఒకటి ఉండేది. నిజాం కాలంలో, 1329 ఫసలీలో, అంటే 1919లో హిజ్రాల మీద తెచ్చారు. ఆడబట్టలు కట్టి వీధిలో కనపడినా, బహిరంగంగా ఆడినా పాడినా వారెంటు లేకుండా అరెస్టు చేయొచ్చు, రెండేళ్ల దాకా జైల్లో పెట్టొచ్చు. ఆ చట్టం ఈ గడ్డ మీద నూరేళ్లు దాటి బతికింది. 2023 జూలైలో తెలంగాణ హైకోర్టు దాన్ని కొట్టేసింది. పుస్తకంలోంచి చట్టం పోయింది గానీ, ఆడి పాడి బతికేవాళ్లను ముందు అనుమానించే అలవాటు పోలేదు. సంక్రాంతికి గోదావరి జిల్లాల్లో రికార్డింగ్ డాన్సుల మీద దాడులప్పుడూ కనపడేది అదే.

మోసాలు లేవని అనడం లేదు. మైనర్లను దించేవాళ్లు, అప్పు పేరుతో కట్టిపడేసేవాళ్లు ఉంటే పోలీసులు వెళ్లాల్సిందే, తలుపులు బద్దలు కొట్టాల్సిందే. కానీ వెళ్లిన తర్వాత ఎలా మెలగాలో సుప్రీంకోర్టు 2022 మేలోనే చెప్పింది. జస్టిస్ ఎల్.నాగేశ్వరరావు నేతృత్వంలోని ధర్మాసనం అది. సెక్స్ వర్కర్లకూ గౌరవంగా బతికే హక్కు ఉందని, దాడులప్పుడు వాళ్ల ఫొటోలు, వివరాలు బయటపెట్టకూడదని మీడియాకూ హెచ్చరిక చేసింది. సెక్స్ వర్కర్లకు ఉన్న రక్షణ బారులో డాన్సు చేసే అమ్మాయికి లేదనగలమా? పోలీసులు వీడియోలు బయటికి వదలడం ఆపాలి. ఛానెళ్లూ పత్రికలూ వాటిని వెయ్యడం మానాలి. ఇది మా పత్రికలవాళ్లకూ తగిలే మాటే.

ఇంకొకటి కూడా జరగాలి. రైడ్ రాత్రి రాసే పంచనామాలో సీసాల లెక్క ఉంటుంది, సౌండ్ సిస్టమ్ లెక్క ఉంటుంది, కౌంటరులో దొరికిన నగదు లెక్క ఉంటుంది. ఆ యజమాని ఒక్కో అమ్మాయికి ఎన్ని రోజుల జీతం, ఎంత టిప్పు వాటా బాకీ ఉన్నాడో కూడా అందులోనే రాయాలి. ఆ నగదులోంచి ముందు వాళ్ల బాకీ ఇప్పించే పని కార్మిక శాఖకు అప్పజెప్పాలి.