మోటారు పడవ చక్రము మెత్తబడినప్పుడు

సూది లేని సిరంజిలో గాలి నింపి, మూతిని వ్రేలితో మూసి, వెనుకనున్న కాడను నొక్కినచో అది మెత్తగా లోనికి పోవును. వదలినచో వెనుకకు వచ్చును. గాలికి బదులు నీరు నింపినచో కాడ కదలదు. ఈ చిన్న ప్రయోగము బోధపడిన వారికి, మోటారు పడవను మలుపు ద్రవచాలిత యంత్రములోని చిక్కులు చాలవరకు బోధపడినట్లే.

చిన్న మోటారు పడవలు పెక్కింటిలో ఇంజను పడవ వెనుక అంచుకు బిగించబడి యుండును. ఆ ఇంజనును పక్కకు త్రిప్పినచో పడవ మలుపు తిరుగును. నడుపువాని యెదుటనున్న చక్రము వెనుక ఒక నూనె పంపు, దానినుండి రెండు గొట్టములు, వాని కొసను ఇంజనుకు తగిలించిన ఒక సిలిండరు ఉండును. చక్రము త్రిప్పగా నూనె ఒక గొట్టము గుండ పోయి సిలిండరులోని పిస్టనును నెట్టును. పిస్టనుకు ఆవలనున్న నూనె రెండవ గొట్టము గుండ పంపునకు తిరిగివచ్చును. మూసియున్న ద్రవములో ఒకచోట కలిగించిన పీడనము అంతటను సమముగా వ్యాపించునని 17వ శతాబ్దమున పాస్కల్ చెప్పిన సూత్రమే దీనికి ఆధారము.

పంపు ఒక చుట్టుకు 28 ఘన సెంటీమీటర్ల నూనె పంపుననియు, పిస్టను ఈ కొసనుండి ఆ కొసకు పోవుటకు 140 ఘన సెంటీమీటర్లు కావలెననియు అనుకొందము. అప్పుడు చక్రమును 5 చుట్లు త్రిప్పిన చాలును. పీడనము ఒక వాతావరణము నుండి రెండింటికి పెరిగినచో నూనె తన ఘనపరిమాణములో సుమారు 15,000వ వంతు మాత్రమే తగ్గును, గాలి సగమైపోవును. కావున గొట్టములో 28 ఘన సెంటీమీటర్ల గాలి చేరినచో ఇంచుమించు ఒక పూర్తి చుట్టు ఆ గాలిని నొక్కుటకే ఖర్చగును. చక్రము మెత్తగా తోచుటకు, చుట్లు ఎక్కువగుటకు కారణమిదే.

గాలి ఊరక చేరదు. నూనె తగ్గిన చోటికే అది వచ్చును. కనుక నూనె పోయుటకు ముందు పంపు ఇరుసు చుట్టును, గొట్టముల అతుకులను, సిలిండరు కొసలను గుడ్డతో తుడిచి, తడి ఎక్కడ మరల కనబడునో చూడవలెను. ఆ లోపము సరిచేసిన పిమ్మట ఒకరు పంపులో నూనె తగ్గకుండ పోయుచుండగా, వేరొకరు చక్రము త్రిప్పుచు, సిలిండరు కొసలనున్న చిన్న మరలను ఒకదాని తరువాత ఒకటి వదులు చేసి, బుడగలు లేని నూనె వచ్చువరకు గాలిని వెడలింపవలెను. అట్లు వచ్చిన నురుగు నూనెను వెంటనే తిరిగి పోయరాదు.

పిస్టను కొసకు చేరిన తరువాతను చక్రము ఆగక నెమ్మదిగా తిరుగుచునే యున్నచో, నూనె లోలోపలనే దాటిపోవుచున్నదని గ్రహింపవలెను. పిస్టను సీలు అరిగియుండవచ్చును. లేదా పంపు కవాటములో మురికి చేరియుండవచ్చును.

చక్రము బిగిసినచో వెంటనే పంపును నిందింపరాదు. పడవను ఒడ్డున కట్టి, ఇంజను ఆపి, సిలిండరును ఇంజను నుండి విడదీసి చూడవలెను. అప్పుడు చక్రము తేలికగా తిరిగినచో దోషము ఇంజను తిరుగు ఇరుసులో, అనగా త్రుప్పులోనో ఎండిన గ్రీజులోనో, ఉన్నది. అప్పటికిని బిగువు తగ్గనిచో వంగిన కడ్డీని, నలిగిన గొట్టమును వెదకవలెను.

నూనె పాలవలె తెల్లబడినచో నీరు కలిసినదన్నమాట, దానిని మార్చవలెను. యంత్రము చేసినవారు చెప్పిన నూనెనే వాడవలెను. బ్రేకు నూనె పోసినచో రబ్బరు సీళ్లు చెడును.

బండికి బ్రేకులున్నవి; పడవకు లేవు. ప్రవాహము నడుమ చక్రము పనిచేయనిచో ఎదుటనున్న రాతిని తప్పించుకొను దారి యుండదు. కావున త్రాడు విప్పుటకు ముందు చక్రమును ఈ కొసనుండి ఆ కొసకు త్రిప్పి చుట్లు లెక్కపెట్టవలెను. నిన్న అయిదు, నేడు ఆరు అయినచో ఆనాటి ప్రయాణము ఆపుకొనుట మేలు.