తల్లికోడి ఱెక్కకు బదులు

కోడిపిల్లలను సాకుట యొక విద్య యని, దానిని మనుష్యుడు పనిగట్టుకొని నేర్చుకొనవలసి యుండునని మన పల్లెటూళ్ళలో వెనుకటి తరమువారు తలచి యుండరు. ఆ విద్య యంతయు పొదుగుకోడికి పుట్టుకతోనే అబ్బి యుండెను. 21 దినములు గ్రుడ్లపై కూర్చుండి, పిల్లలు వెలువడిన పిదప వానిని వెంటబెట్టుకొని పెంటదిబ్బ నెక్కి, పురుగును గోకి చూపి, గ్రద్ద నీడ కానవచ్చినంతనే కూతపెట్టి, పిల్లలు వణకినపుడెల్ల ఎక్కడ నుండిన అక్కడనే చతికిలబడి, ఱెక్కలు విచ్చి వానిని లోనికి చేర్చుకొను ఆ తల్లికి గృహిణి చేయు సాయమెల్ల ఉదయమున గుప్పెడు నూకలు చల్లుట, సందెవేళ గంప క్రింద మూయుట.

ఇప్పుడు పెరటికోళ్ళ తీరే మాఱినది. హైదరాబాదు చేరువన రాజేంద్రనగరములోని కోళ్ళ పరిశోధన సంస్థవారు రూపొందించిన వనరాజ, గ్రామప్రియ వంటి రకములు నాటుకోడి కంటె హెచ్చుగా గ్రుడ్లు పెట్టును, త్వరగా బరువెక్కును, పెరటిలో తిరిగి మేయగలవు. కాని పొదుగునకు కూర్చుండు గుణము వానియందు దాదాపు లోపించినది. పొదుగునకు కూర్చున్న కోడి గ్రుడ్లు పెట్టుట మానివేయును గనుక, తరతరములుగా గ్రుడ్ల కొఱకే ఏర్చి పెంచినకొలది ఆ గుణము క్షీణించుట సహజమే. అందుచేత ఆ పిల్లలు యంత్రములలో పుట్టి, అట్టపెట్టెలలో మన యిండ్లకు వచ్చును. తల్లి మొగ మెఱుగని ఆ పిల్లలను నాలుగు మొదలు ఆఱు వారముల వఱకు ఱెక్క క్రింద పెట్టుకొనవలసిన బాధ్యత గృహస్థునిపై బడినది. అందులకై యింట నేర్పఱచు వెచ్చని చోటే బ్రూడరు.

గ్రుడ్డు నుండి వెలువడిన పిల్ల తూకము 40 గ్రాములకు అటునిటుగా నుండును. దాని మేనిపై నున్నవి ఈకలు కావు, వట్టి నూగు. ఆ నూగు పొడిగా నున్నంతవఱకు కొంత కాపాడును గాని తడిసెనా, ఉన్నను లేనట్లే. పెద్దకోడి శరీరోష్ణము 41 డిగ్రీల సెంటీగ్రేడు ప్రాంతమున నిలుకడగా నుండగా, పసిపిల్లకు ఆ నిలుకడను తనంత తానుగా కాపాడుకొను శక్తి మొదటి రెండు వారములును పూర్తిగా ఏర్పడదు. చలి సోకిన పిల్ల మేత మానును. మేత మానినది మఱింత చల్లబడును. ఈ రెంటి నడుమ నలిగి మూడవనాడో నాలుగవనాడో చచ్చిన పిల్లను చూచి మనవారు ఏదో తెగులు తగిలినదందురు. ఆకలి విషయమున మాత్రము ప్రకృతి కొంత ముందుచూపు వహించినది. పిల్ల వెలువడుటకు కొంచెము ముందుగా గ్రుడ్డులో మిగిలిన పచ్చసొన దాని కడుపులోనికి చేరును. ఆ నిల్వ బలముచే రెండు దినములకు పైగా ఆహారము లేకయే ప్రాణము నిలుపుకొనగలదు గనుకనే ఒక్కరోజు పిల్లలను రైళ్ళలోను బస్సులలోను దూరప్రాంతములకు పంపుట సాధ్యమైనది. ఐనను అది ప్రయాణమునకు దొరకిన వెసులుబాటే గాని, ఇల్లు చేరిన పిల్లను పస్తుంచుటకు అనుమతి కాదు.

తల్లి లేని పిల్లలకు తల్లిని కల్పించు యత్నము క్రొత్తది కాదు. ఫ్రెంచి ప్రకృతిశాస్త్రజ్ఞుడు రేయోమూరు 1749లో ప్రకటించిన గ్రంథమున, కృత్రిమముగా పొదిగించిన పిల్లలు దూరి వెచ్చబడుటకై గొఱ్ఱెతోలు అమర్చిన పెట్టెలను వర్ణించినాడు. నేటి విద్యుద్దీపములకును ఆ తోలుపెట్టెకును పోలిక లేకున్నను, రెంటి మూలసూత్ర మొక్కటే. దానిని మఱచుటవలననే మన యిండ్లలో పెక్కు బ్రూడర్లు విఫల మగుచున్నవని నా తలంపు. తల్లికోడి యెన్నడును పిల్లలను పగలంతయు ఱెక్కల క్రింద బంధించి యుంచదు. చలి వేసినపుడు వచ్చి చేరుటకును, ఒడలు వెచ్చబడిన పిదప వెలికేగి తిరుగుటకును వానికి స్వేచ్ఛ గలదు. ఆ రాకపోకలకు తావిచ్చునదే బ్రూడరు. ఈ మూలనుండి ఆ మూలవఱకు ఒకే వేడి నింపి మూతవేసిన పెట్టె ఎంత ఖరీదైనదైనను బ్రూడరు కాజాలదు.

ఇరువదియైదు పిల్లలకు కావలసిన యేర్పాటు ఏమంత పెద్దది కాదు. గాలివిసురు తగులని గదిలో, 4 అడుగుల వ్యాసముగల వలయముగా, అడుగున్నర యెత్తున, దళసరి అట్టనో రేకునో వెదురుతడికనో నిలిపిన చాలును. ఆ తావు నాలుగు వారముల వఱకు సరిపోవును. వలయమే యెందుకనగా, బెదరినపుడును చలివేసినపుడును పిల్లలు గుంపుగా మూలకు ఒదుగును; మూల యున్నచోట అడుగున బడినవి ఊపిరాడక చచ్చును. నేలపై రెండంగుళముల మందమున పొడి వరిఊక పఱచి, మొదటి మూడు నాలుగు దినములు పిల్లలు ఊకనే మేత యనుకొని మ్రింగకుండ పైని కాగితము పఱతురు. ఆ కాగితము నున్ననిదైనచో పిల్లల కాళ్ళు జాఱి, ఇరుప్రక్కలకు చీలి, మఱల నిలద్రొక్కుకొనలేక అవిటి వగుట కలదు. గరుకు కాగితము గాని, చాళ్ళు గల అట్ట గాని మేలు. కాగితమును దినదినము మార్చవలెను.

వేడి కొఱకు పిల్ల యొక్కంటికి 2 వాట్ల చొప్పున లెక్కకట్టుట వాడుక. ఇరువదియైదింటికి 60 వాట్ల బల్బు ఒకటి చాలునేమో గాని, నడిరేయి అది మాడిపోయినచో తెల్లవాఱునప్పటికి ఏమి మిగులునో యోచించి, 40 వాట్లవి రెండు వ్రేలాడదీయుట వివేకము. ఇచ్చట నొక మాట చెప్పక తప్పదు. ఈ లెక్క యంతయు లోన తీగ కాలి వెలుగు పాతకాలపు బల్బులకే వర్తించును. ఇప్పుడు దుకాణముల నిండ నున్న ఎల్‌.ఇ.డి. దీపములు వెలుగిచ్చుటలో ఎంత దొడ్డవైనను, పిల్లలను వెచ్చబెట్టునంతటి వేడి వానియందు లేదు. వాని క్రింద పిల్లలను వదలిన గృహస్థులు, దీపము ధగధగ వెలుగుచుండగనే పిల్లలు చలికి చచ్చుట చూచి విస్తుపోవుచున్నారు. దీపమును వలయము నడుమ వ్రేలాడదీసి, మేతపళ్ళెములను నీటిపాత్రలను దాని చుట్టును, నేరుగా దాని క్రింద కాకుండ, అమర్చిన యెడల నడుమ వేడిమియు అంచులయందు చల్లదనమును సమకూరును.

మొదటివారమున దీపము చెంత, పిల్ల వీపెత్తున, 95 డిగ్రీల ఫారెన్‌హీటు, అనగా 35 డిగ్రీల సెంటీగ్రేడు, ఉష్ణము ఉండవలెననియు, పిమ్మట వారమునకు 5 ఫారెన్‌హీటు డిగ్రీల చొప్పున తగ్గించుచు రావలెననియు శాస్త్రము. తగ్గించుట కష్టము కాదు. దీపమును కొంచెము పైకెత్తి కట్టిన చాలును. ఉష్ణమాపకము కొని పెట్టుకొనుడు, కాదనను. కాని దానిని చూచిన పిదప పిల్లలను చూచుట కంటె, పిల్లలను చూచిన పిదప దానిని చూచుట మేలు. అవి దీపము క్రింద ఒకదానిపై నొకటి యెక్కి, కీచుగొంతుతో ఎడతెగక అఱచుచున్నచో చలి వేయుచున్నదని అర్థము. దీపమునకు దూరముగా తడికె నంటుకొని, ఱెక్కలు వ్రేలవైచి, నోరు తెఱచి ఎగరోజుచున్నచో వేడి మితిమీఱినది. అన్నియు ఒకే ప్రక్కకు చేరి, రెండవ ప్రక్కకు పోవుటకు జంకుచున్నచో ఏ తలుపుసందు నుండియో ఈదురుగాలి కొట్టుచున్నది. అప్పుడు వేడి పెంచుటవలన లాభము లేదు, సందు మూయవలెను. కొన్ని మేయుచు, కొన్ని త్రాగుచు, కొన్ని కాళ్ళు చాచి కునుకుచు, వలయమంతటను చెదరి యుండి, నడుమ నడుమ కువకువమని మెల్లగా పలుకుచున్నవా, అప్పుడు మాపక మేమి చెప్పినను దీపమును కదల్పవలదు.

ఋతువును బట్టియు ఈ లెక్కలు మాఱును. మార్గశిర పుష్యమాసములలో ఆదిలాబాదు ప్రాంతపు చలికి రెండు దీపములు చాలకపోవచ్చును. రోహిణికార్తె యెండలలో కోస్తా జిల్లాల గృహస్థునకు పగటివేళ దీపముతో పనియే లేదు, వడదెబ్బ తగులకుండ చూచుటయే పని. కరెంటు పోవు రాత్రుల కొఱకు కొందఱు బొగ్గుల కుంపటి సిద్ధపఱచుకొందురు. కుంపటి మంచిదే, కాని తలుపులు కిటికీలు బిగించిన గదిలో దాని విషవాయువు పిల్లలనే కాదు, కాపున్న మనుష్యులను సైతము చంపగలదు. చలి పేరు చెప్పి గాలిని అరికట్టుట కంటె ఎత్తున నున్న కిటికీని ఓరగా తెఱచి యుంచుట శ్రేయస్కరము.

పిల్లలు రాకముందే, కొన్ని గంటలకు ముందుగా, దీపము వెలిగించి నేలను వెచ్చచేయవలెను. వచ్చిన వెంటనే ముందు నీరు, తరువాత మేత. కాచి చల్లార్చిన నీటిలో కొంచెము బెల్లము కలిపి, ఒక్కొక్క పిల్ల ముక్కును నీట ముంచి తీసినచో అవి త్రాగుట నేర్చును. తల్లి యుండిన ఈ పాఠము తానే చెప్పెడిది. లోతులేని మట్టిమూకుడులో నాలుగు గులకఱాళ్ళు వేసి నీరు పోసిన, పిల్లలు అందు పడి తడియవు. మేతకు మొదటినాడు మొక్కజొన్న రవ్వ గాని నూకలు గాని కాగితముపై చల్లి, మఱునాటి నుండి నూటికి 20 పాళ్ళ మాంసకృత్తులకు తక్కువ గాని పిల్లల దాణా పెట్టవలెను. పిల్లలకు నూకలే చాలునను నమ్మకము మన పల్లెలలో గట్టిది. తల్లి వెంట తిరుగు పిల్ల నూకలతోపాటు చెదలును పురుగులును తినుచుండెనన్న సంగతిని ఆ నమ్మకము మఱచినది. వలయములో నున్న పిల్లకు చెదలెక్కడిది?

ఇక తెగుళ్ళ మాట. పిల్లల మలద్వారమున రెట్ట యెండి అంటుకొని దారి మూసికొనిపోవుట మొదటివారమున తఱచు. గోరువెచ్చని నీట తడిపిన దూదితో మెల్లగా తుడువవలెనే గాని పీకరాదు. మూడవ వారము దాటిన పిదప ముఖ్యముగా భయపడవలసినది రక్తపారుడు. దాని బీజములు రెట్టలో నుండి, తడిసిన ఊకలో బలిసి, మేతతోపాటు మఱల కడుపులోనికి పోవును. కావున నీటిపాత్ర చుట్టు తడిసిన ఊకను ఏనాటిదానిని ఆనాడే తీసివేసి పొడి ఊక వేయుటయే దానికి మొదటి మందు. బ్రూడరు చెంత కూర్చుండి, తల వంచి, పిల్ల తలయెత్తున వాసన చూడుడు. కన్నులు మండినచో ఊక చెడినదని తెలియును.

కొక్కెర తెగులునకు మాత్రము పరిశుభ్ర తొక్కటే చాలదు. మన దేశమున 1927–28 ప్రాంతమున కుమావూను కొండలలోని రాణీఖేతున గుర్తింపబడుటచే పశువైద్యులు దీనిని ఆ యూరి పేరనే పిలుతురు. సోకిన పిదప చికిత్స లేదు. 5 మొదలు 7 దినముల లోపల లసోటా టీకా కంటిలోనో ముక్కులోనో ఒక్క చుక్క. రెండవ వారము చివర గంబోరో యను వేఱొక తెగులునకు టీకా. నాలుగవ వారమున మఱల లసోటా. ఎనిమిదవ వారమున, ఆ కొండలలోనే ముక్తేశ్వరమున రూపొందిన బీజముతో చేయు ఆర్‌2బి సూదిమందు. టీకాను మంచులో నుంచి తేవలెను, కలిపిన కొలదిసేపటిలో వాడివేయవలెను. ఒక్కొక్క సీసా సాధారణముగా నూఱు పిల్లలకో అంతకు మించియో సరిపోవునట్లు వచ్చును గనుక, వీధిలోని నాలుగిండ్లవారు ఒకేనాడు వేయించుట చౌక.

ఈకలు నిండి, రాత్రివేళ దీపమును వెదకుట మానినపుడు పిల్లలకు బ్రూడరుతో పని తీఱినది. మొదట ఎండవేళ కొన్ని గంటలు పెరటిలో వదలి, సందెకు గూటికి చేర్చుచు, ముంగిస పిల్లుల కందకుండ గూటికి సన్నకన్నుల వల బిగించవలెను.

తిరునాళ్ళలోను వీధులలోను గులాబియు పచ్చయు రంగు లద్దిన కోడిపిల్లలను గంపలలో పెట్టి అమ్ముచుందురు. గ్రుడ్లజాతులలో పుంజుపిల్లలు గ్రుడ్లు పెట్టవు, మాంసమునకై త్వరగా ఎదుగవు. పొదుగు కేంద్రములకు అక్కఱ లేని ఆ పిల్లలే చాలవఱకు ఇట్లు సంతకెక్కును. ముచ్చటపడి కొన్న పసివాని చేతిలో అవి యొకటి రెండు దినములలో చచ్చుటకు కారణము రంగు కంటె చలియే. ఇంట దీపమును ఊకయు వలయమును సిద్ధముగా లేనిచో, పిల్లవాడెంత మారాము చేసినను ఆ కోడిపిల్లలను కొనకుడు.