ప్రత్యేక విద్యావసరాలు - అంబుడ్స్‌మన్ విచారణకు గల పరిమితులు

పరిపాలనలోని లోపాలపై సామాన్య పౌరుని మొర ఆలకించుటకై స్వీడన్ దేశం 1809లో అంబుడ్స్‌మన్ పదవిని నెలకొల్పింది. తరువాతి కాలంలో అనేక దేశాలు ఈ పద్ధతిని స్వీకరించాయి. ఇంగ్లండులో స్థానిక పాలనా మండళ్లపై వచ్చే ఫిర్యాదుల కోసం 1974 నాటి స్థానిక ప్రభుత్వ చట్టం ఇట్టి వ్యవస్థను ఏర్పరచింది. ప్రత్యేక విద్యావసరాలు గల బాలబాలికల తల్లిదండ్రులు నేడు పెద్ద సంఖ్యలో ఆ కార్యాలయాన్ని ఆశ్రయిస్తున్నారు. అయినను వారి ఫిర్యాదులన్నింటినీ విచారించే అధికారం అంబుడ్స్‌మన్‌కు లేదు. ఆ అధికారం ఎక్కడ ఆగిపోతుందో, అందువల్ల ఎవరికి నష్టం కలుగుతుందో గ్రహించదగిన విషయం.

2014 నాటి బాలల, కుటుంబాల చట్టం ప్రకారం, సాధారణ పాఠశాల అందించగల తోడ్పాటు చాలని విద్యార్థుల అవసరాలను స్థానిక మండలి మదింపు చేయాలి. అవసరమైనచో వారికి విద్య, ఆరోగ్య, సంరక్షణ ప్రణాళికను రూపొందించాలి. అభ్యర్థన అందిన నాటినుంచి 20 వారాలలో తుది ప్రణాళిక వెలువడాలి. అందులో పేర్కొన్న ప్రత్యేక విద్యా సదుపాయాన్ని సమకూర్చడం మండలికి తప్పనిసరి విధి.

ఈ వ్యవస్థలో వివాద పరిష్కారానికి రెండు మార్గాలున్నాయి. మండలి మదింపునకు నిరాకరించినా, ప్రణాళిక ఇవ్వకపోయినా, అందులోని విద్యా సదుపాయం గాని, పాఠశాల గాని తల్లిదండ్రులకు సమ్మతం కాకపోయినా, వారు ప్రత్యేక ట్రిబ్యునల్‌కు అప్పీలు చేసుకోవచ్చు. ట్రిబ్యునల్ నిర్ణయానికి మండలి కట్టుబడి ఉండాలి. మండలి నిర్ణయం సరైనదా కాదా అన్నది ట్రిబ్యునల్ తేల్చవలసిన ప్రశ్న. మండలి తన పనిని సక్రమంగా నిర్వర్తించిందా లేదా అన్నది అంబుడ్స్‌మన్ పరిశీలించే ప్రశ్న.

ఉదాహరణకు, ఒక బాలునికి వారానికొకసారి స్పీచ్ థెరపీ ఇవ్వాలని ప్రణాళికలో ఉన్నదనుకొందాం. ఆరు నెలలైనా అది అందకపోతే అంబుడ్స్‌మన్ విచారించవచ్చు. వారానికి రెండుసార్లు అవసరమని తల్లిదండ్రులు భావించినచో ట్రిబ్యునల్‌కే వెళ్లాలి. ట్రిబ్యునల్‌కు అప్పీలు చేసుకొనే హక్కు ఉన్న విషయాన్ని అంబుడ్స్‌మన్ సాధారణంగా చేపట్టరాదని 1974 చట్టమే నిర్దేశిస్తున్నది. అప్పీలు చేయడం సమంజసం కాని పరిస్థితులలో మాత్రం మినహాయింపు ఉంది. ఒకసారి అప్పీలు దాఖలైన పిమ్మట ఆ మినహాయింపు కూడా వర్తించదు.

అసలు చిక్కు ఇక్కడనే ఉన్నది. మండలి సూచించిన పాఠశాల తమ బిడ్డకు తగదని తల్లిదండ్రులు అప్పీలు చేస్తారు. తీర్పు వెలువడేలోగా బిడ్డ నెలల తరబడి చదువుకు దూరం కావచ్చు. చివరకు వారే గెలిచినా, పోయిన చదువుకు పరిహారం ఇప్పించే అధికారం ట్రిబ్యునల్‌కు లేదు. ఆ నష్టం అప్పీలు చేసిన నిర్ణయం నుండి పుట్టినదైతే అంబుడ్స్‌మన్ కూడా దానిని విచారించజాలరని 2014లో అప్పీలు న్యాయస్థానం తీర్పు చెప్పింది. ఒకే వివాదం రెండుచోట్ల నడవరాదన్న సూత్రం సహేతుకమే. కాని దాని ఫలితంగా, హక్కును వినియోగించుకొన్న కుటుంబానికే ఒక నష్టం విషయంలో పరిహార మార్గం మూసుకుపోతున్నది.

ఇతర పరిమితులూ ఉన్నాయి. సంగతి తెలిసిన 12 నెలలలోగా ఫిర్యాదు చేయాలి. తగిన కారణం ఉంటేనే సడలింపు లభిస్తుంది. పాఠశాల అంతర్గత నిర్వహణ సాధారణంగా అంబుడ్స్‌మన్ పరిధిలోకి రాదు. లోపం రుజువైనచో క్షమాపణను, కొంత సొమ్ము చెల్లింపును, పద్ధతుల సవరణను ఆయన సిఫారసు చేయవచ్చు. మండళ్లు వాటిని చాలావరకు పాటిస్తున్నా, అవి న్యాయస్థానపు ఉత్తర్వులు కావు.

భారతదేశంలో వ్యవస్థ వేరు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం, నిర్దిష్ట స్థాయి వైకల్యం గల బాలలకు 6 నుండి 18 సంవత్సరాల వయస్సు వరకు ఉచిత విద్య పొందే హక్కు కల్పించింది. హక్కుల ఉల్లంఘనను పరిశీలించుటకు కేంద్రంలో చీఫ్ కమిషనర్‌ను, రాష్ట్రాలలో కమిషనర్లను ఏర్పరచింది. వీరి సిఫారసుపై తీసుకొన్న చర్యను సంబంధిత అధికారులు మూడు నెలలలో తెలియజేయాలి. సిఫారసును అంగీకరించకపోతే అందుకు కారణాలను కమిషనర్‌కు, బాధితునికి కూడా తెలుపవలసి ఉంటుంది.

ఫిర్యాదు స్వీకరించే కార్యాలయం ఉండటం ఒక్కటే చాలదని ఇంగ్లండు అనుభవం తెలుపుతున్నది. ఏ అధికారి ఏ మేరకు విచారించగలడో పౌరునికి ముందుగానే తెలియాలి. ఒక అధికార పరిధి ముగిసిన చోట మరొకటి ఆరంభం కాకపోతే, ఆ లోటును పూరించవలసిన బాధ్యత చట్టసభలది. పెద్దల వివాదం తెగేవరకు బాలల వయస్సు ఆగదు. కావున సత్వర నిర్ణయం, విచారణ కాలంలోనూ చదువు సాగేందుకు తగిన ఏర్పాటు, ఏ దేశంలోనైనా ఇట్టి వ్యవస్థకు ఆవశ్యకాలు.